"నేను" లేకపోతే నమ్మేది ఎవరు?

"జెన్ చెప్పినట్టు 'నేను' అనేదే లేకపోతే దేవుణ్ణి నమ్మేది ఎవరు, విశ్వంతో ఒకటయ్యేది ఎవరు?" అని అడిగారు. ధ్యానం మొదలుపెట్టాక ప్రార్థనకు కూర్చుంటే ఏదో అబద్ధం ఆడుతున్నట్టు ఉంటోందని కూడా రాశారు. ఆ రెండో మాట చదివాకే జవాబు రాయాలనిపించింది. నేను చాలా ఏళ్లుగా రోజూ జాజెన్‌లో, అంటే జెన్ అనే బౌద్ధ సంప్రదాయంలో కూర్చుని చేసే ధ్యానంలో, కూర్చుంటున్నాను. పుట్టి పెరిగింది మాత్రం దేవుణ్ణి గట్టిగా నమ్మే ఇంట్లో. మీరు పడుతున్న ఇబ్బంది నాకు బాగా తెలుసు.

మీ ప్రశ్న చాలా పాతది. చైనాలో తొమ్మిదో శతాబ్దపు గురువు దోంగ్‌షాన్ (807–869) చిన్నప్పుడు హృదయ సూత్రం అనే చిన్న బౌద్ధ గ్రంథం చదువుతూ "కన్ను లేదు, చెవి లేదు, ముక్కు లేదు" అన్న చోట ఆగిపోయాడట. మొహం తడుముకుని, "నాకు ఇవన్నీ ఉన్నాయి కదా, లేవని ఎందుకు అంటున్నారు?" అని గురువును అడిగాడు. ఆయన కసురుకోలేదు. "నీకు గురువునయ్యేంత వాణ్ణి కాను" అని ఇంకొకరి దగ్గరికి పంపాడు. ఆ పిల్లవాడి పరంపరే తర్వాత జపాన్ చేరి సోటో అనే జెన్ శాఖ అయింది. కాబట్టి మొహం తడుముకుని అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది. ఎవరో ఇచ్చిన జవాబుతో ఆ ప్రశ్నను తొందరపడి మూసేయకండి, నా జవాబుతో కూడా.

"నేను లేను" అన్నది ఒప్పుకుని తీరాల్సిన సిద్ధాంతమని నాకు ఎప్పుడూ అనిపించలేదు. వెతికి చూడమనడమే అందులో అసలు విషయం. చైనాలో జెన్‌కు మొదటి గురువుగా చెప్పే బోధిధర్ముడి దగ్గరికి శిష్యుడిగా వచ్చిన హుయికె "నా మనసుకు శాంతి లేదు" అంటాడు. "ఆ మనసును తెచ్చి ఇవ్వు, శాంతపరుస్తాను" అంటాడు గురువు. ఎంత వెతికినా దొరకలేదని హుయికె చెబితే, "అయితే శాంతపరిచేశాను, పో" అంటాడు. ఇది చరిత్రో కథో పక్కన పెడదాం. మనసు లేదని గురువు ముందే చెప్పేసి ఉంటే హుయికెకు ఇంకో అభిప్రాయం దక్కేది, అంతే. వెతుకులాట అతనే చేయాల్సి వచ్చింది.

నాకు ఈ విషయం కొంచెమైనా అర్థమైంది ధ్యానం చేసే ఆసనం మీద కాదు. మా నాన్న చివరి నెలల్లో మంచం మీదే ఉన్నారు. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, రాత్రుళ్లు లేచి నీళ్లు పట్టడం నా వంతు. ఆ పని కంటే "నేను చేస్తున్నాను" అన్న ఆలోచనే ఎక్కువ బరువుగా ఉండేది. ఎంత చేస్తున్నానో ఎవరికైనా కనిపిస్తోందా, ఇంకా ఎన్నాళ్లు, ఆయన పోయాక నా గతేంటి... చేతులు తుడుస్తూనే ఉండేవి, లోపల ఇదంతా నడుస్తూనే ఉండేది. ఒక రోజు వీపు తుడుస్తుంటే అది ఆగిపోయింది. తడి గుడ్డ, గోరువెచ్చని నీళ్లు, ఆయన వీపు, నా చెయ్యి. ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారన్న లెక్క లేదు. వెలుగులేవీ కనిపించలేదు, ఒళ్లు పులకరించలేదు. "కొంచెం ఎడమ పక్క" అన్నారు నాన్న, చెయ్యి ఎడమకు వెళ్లింది. అదే రోజు సాయంత్రం మందుల విషయంలో అన్నయ్యతో గట్టిగా మాటా మాటా అయింది. అప్పుడు "నేను" నిండుగా ఉంది.

కాబట్టి "నేను" పోవడమంటే మనిషి మాయమైపోవడం కాదని అనుకుంటున్నాను. ఆ కాసేపూ నాన్న నాన్నే, నేను నేనే. ఎవరిని ఎటు తిప్పాలో నాకు తెలుస్తూనే ఉంది. మధ్యలో నిలబడి లెక్క వేసే గొంతు ఒక్కటే లేదు. సోటో పరంపరను జపాన్‌కు తెచ్చిన డోగెన్ (1200–1253) 1233లో రాసిన 'గెంజోకోఆన్' అనే వ్యాసంలో, తనను తాను ముందుకు మోసుకెళ్లి లోకాన్ని తెలుసుకోబోవడం భ్రమ అంటాడు. లోకంలోని సమస్తమూ తానే ముందుకు వచ్చి తెలియజేసుకోవడం మేలుకోవడం అంటాడు. మొదట చదివినప్పుడు ఇది కవిత్వంలా తోచింది. నాన్న వీపు తుడిచాక, జరిగింది జరిగినట్టు చెప్పిన మాటలా ఉంది.

ఇక విశ్వంతో ఒకటవడం. దీనికి అందరూ అల, సముద్రం పోలిక చెబుతారు. నాకది అంతగా నచ్చదు. ఎక్కడో ఒక పెద్దది ఉన్నట్టు, మనం వెళ్లి అందులో కరిగిపోవాలన్నట్టు ఆశ పుట్టిస్తుంది. ఆ ఆశతో కూర్చుంటే ప్రతి పూటా "ఇంకా రాలేదే" అన్న టెన్షనే మిగులుతుంది. చైనా గురువు షితౌ (700–790) రాసిన ఒక పద్యాన్ని సోటో మఠాల్లో ఇప్పటికీ పఠిస్తారు. వస్తువులను పట్టుకుని వేలాడడం భ్రమే, ఏకత్వాన్ని అందుకోవడం కూడా ఇంకా మేలుకోవడం కాదు అని అందులో ఉంటుంది. అంటే ఆ "అంతా ఒకటే" అన్న అనుభూతి వచ్చినా అక్కడ ఆగకూడదు. మీకు అది రానందుకు వెనకబడ్డట్టూ కాదు. మనతో మాట్లాడుతున్న మనిషి మనకంటే వేరు, ఆయన నొప్పి ఆయనదే. అది తెలుస్తూనే మధ్యలో గోడ లేకపోవడం. నాకు తెలిసిన ఏకత్వం ఇంతవరకే.

నమ్మకం గురించి. జపాన్‌లోని మరో జెన్ శాఖ రింజాయ్‌కి చెందిన గురువు హకుయిన్ (1686–1769) సాధనకు మూడు కావాలంటాడు: గొప్ప నమ్మకం, గొప్ప సందేహం, గొప్ప పట్టుదల. సందేహం వస్తే నమ్మకం పోయినట్టేనని మనం పెరిగాం. ఇక్కడ రెండూ పక్కపక్కనే ఉండాలి. చివరికి ఏం దొరుకుతుందో హామీ లేకుండా, ఈ ఊపిరిలో లోటేమీ లేదన్న భరోసాతో కూర్చోగలగడాన్నే నేను నమ్మకం అనుకుంటాను.

జెన్‌లో సృష్టికర్త అన్న ఆలోచన లేదు. మీ దేవుడూ, దేనికీ విడిగా నిలిచే ఉనికి లేదనే జెన్ శూన్యతా ఒకటేనని చెప్పి మిమ్మల్ని ఊరడించలేను. కానీ నాన్నను చూశాను. చివరి వారాల్లో ఆయన దేవుణ్ణి ఏమీ అడగడం మానేశారు. చేతులు జోడించి కూర్చునేవారు, అంతే. జెన్ అన్న మాట ఆయన ఎప్పుడూ వినలేదు. ఆ చేతులు జోడించడంలో నా జాజెన్ కంటే తక్కువేదీ నాకు కనిపించలేదు. అందుకే ప్రార్థన మానకండి. అబద్ధంలా అనిపించినప్పుడు అందులో ఏ భాగం అబద్ధంగా ఉందో చూడండి. అడగడమా, బేరమా, మీకు తెలియనిది తెలిసినట్టు పలకడమా? ఆ భాగాన్ని వదిలేసి మిగిలింది ఉంచుకోండి. ప్రార్థించేది ఎవరో తేల్చుకున్నాకే చేతులు జోడించాలంటే ఎవరమూ ఎప్పటికీ జోడించలేం.

సాధనకు ప్రస్తుతం శ్వాస లెక్కించడం చాలు. నిటారుగా కూర్చుని, కళ్లు సగం తెరిచి, వదిలే ప్రతి శ్వాసకూ ఒక అంకె చొప్పున ఒకటి నుంచి పది దాకా, మళ్లీ ఒకటి. లెక్క తప్పితే విసుక్కోకుండా ఒకటి దగ్గరికి రండి. మొదట్లో పావుగంట మించొద్దు.

ఒక జాగ్రత్త. "నేను" పలచబడడం హాయిగా కాకుండా భయంగా, మొద్దుబారినట్టుగా ఉంటే, చుట్టూ ఉన్నవాళ్లు నిజం కానట్టు తోస్తుంటే, నిద్ర పట్టకపోతే, దాన్ని సాధనలో ఎదుగుదల అనుకోకండి. హకుయిన్ యవ్వనంలో అతిగా సాధన చేసి ఆరోగ్యం దెబ్బతీసుకుని, తర్వాత దాన్ని 'జెన్ జబ్బు' అని స్వయంగా రాశాడు. అలాంటివి వస్తే కూర్చోవడం ఆపి అనుభవం ఉన్న గురువుకు చెప్పండి, తగ్గకపోతే డాక్టర్‌ను కలవండి. మీరు రాసినదాంట్లో అలాంటి సూచనేమీ కనిపించలేదు. అయినా ధ్యానానికి కూర్చునే సమయం పెంచాలనుకుంటున్నట్టు కూడా రాశారు కాబట్టి ముందే చెబుతున్నాను.