పది లక్షల పట్టీలు, ఒకే వేరుశనగ

చిన్నమ్మీ,

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పిందే రాత్రంతా మనసులో తిరుగుతా ఉంది. కడప మార్కెట్‌యార్డులో మండీ వాళ్లకు రస్ట్ భాషలో రాసిచ్చిన ప్రోగ్రామ్‌లోకి పది లక్షల పట్టీలు (అమ్మకం చీటీలు) ఎక్కించేసరికి వాళ్ల పాత కంప్యూటర్ మూలుగుతోందన్నావు. ఏ క్రేట్ (రెడీమేడ్ కోడ్ ప్యాకేజీ) వాడితే మెమరీ తగ్గుతుంది మామా అని అడిగావు. క్రేట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు కాగితం, పెన్ను తీసుకో.

పట్టీలో ఊరు, సరుకు, వ్యాపారి పేరు, మూడూ స్ట్రింగులే (అక్షరాల వరుసలే) కదా. 64 బిట్ల మెషీన్‌లో రస్ట్ స్ట్రింగ్ 24 బైట్లు. అందులో ఒక్క అక్షరం కూడా ఉండదు. అక్షరాలు ఎక్కడున్నాయి, ఎంత పొడవు, ఎంత చోటు పట్టి పెట్టాం, ఈ మూడు లెక్కలే తలా 8 బైట్లు. అక్షరాలు హీప్‌లో, అంటే ప్రోగ్రామ్ అడిగినప్పుడల్లా మెమరీ ముక్క ఇచ్చే వేరే చోట ఉంటాయి. మనం శనక్కాయ అంటాం, పట్టీలో వేరుశనగ అని రాస్తారు. ఏది రాసినా 21 బైట్లే, ఎందుకంటే అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికే కాదు, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ కూడా విడిగా 3 బైట్లు. లైనక్స్‌లో మామూలుగా ఉండే గ్లిబ్‌సీ అనే లైబ్రరీ ఆ 21 బైట్లకు 32 బైట్ల ముక్క కేటాయిస్తుంది. అంటే మాటకు 56 బైట్లు. అన్ని పేర్లూ ఈ సైజువే అనుకున్నా, ముప్పై లక్షల మాటలకు 16.8 కోట్ల బైట్లు. ఇందులో వేరుశనగ అనే మాట ఎన్ని లక్షల సార్లు విడివిడిగా పడి ఉందో చూసుకో.

ఒకసారి రాశాక ఈ మాటలు మారవు. మారని దానికి 'పట్టి పెట్టిన చోటు' లెక్క ఎందుకు? స్ట్రింగ్‌ను పొడవు మారని బాక్స్ స్ట్ర్‌గా మారిస్తే 16 బైట్లతో పోతుంది, మిగులు చోటూ వదిలేస్తుంది. అక్షరం అక్షరం పుష్ చేసి ప్రొద్దుటూరు అని కట్టావనుకో, మాట 36 బైట్లు, పట్టిన చోటు మాత్రం 64. కెపాసిటీ 8, 16, 32, 64 అని రెట్టింపవుతూ పోతుంది మరి. ఎవరూ వాడని 28 బైట్లకు నువ్వు బాడుగ కడుతున్నట్టే.

అయినా నీ రోగం అది కాదు. అన్నీ బాక్స్ స్ట్ర్ చేసినా 14.4 కోట్లకే దిగుతుంది. ఒకే మాటను మళ్లీ మళ్లీ దాచడం ఆపాలి. ఒక్కో మాటను ఒక్కసారే ఆర్క్ స్ట్ర్‌గా (ఎన్ని చోట్ల వాడుతున్నామో లెక్క ఉంచుకుంటూ పంచుకునే మాటగా) పెట్టి, దానికి నంబరివ్వు. పట్టీలో నాలుగు బైట్ల నంబరే ఉంటుంది. ముప్పై లక్షల గడులకు 1.2 కోట్ల బైట్లు చాలు. నంబరు నుంచి మాటకు ఒక వెక్టర్ (వరుస జాబితా), మాట నుంచి నంబరుకు ఒక హ్యాష్‌మ్యాప్ (మాటతో వెతికే పట్టిక). రెండూ ఒకే ఆర్క్‌ను పంచుకుంటాయి. ఆర్క్‌ను క్లోన్ చేస్తే అక్షరాలు కాపీ కావు, లెక్క ఒకటి పెరుగుతుందంతే. స్ట్రింగ్ నుంచి ఆర్క్ చేసేటప్పుడు మాత్రం ఒకసారి కాపీ తప్పదు, ఆ లెక్కలు అక్షరాలకు ముందే కూర్చోవాలి కాబట్టి.

ఇక్కడే అందరూ ఒక తప్పు చేస్తారు, నేనూ చేశాను. మ్యాప్‌లో వెతకడానికి కూడా ప్రతిసారీ కొత్త స్ట్రింగ్ చేస్తారు. అక్కర్లేదమ్మీ. లైన్ చదవడానికి ఒకే బఫర్ (తాత్కాలిక చోటు) పెట్టుకో, ప్రతి లైన్‌కూ ముందు దాన్ని క్లియర్ చెయ్యి (మర్చిపోతే పాత లైన్ల వెనకే కొత్తవి అతుక్కుంటూ పోతాయి). ఆ లైన్ ముక్కనే మ్యాప్‌లో వెతికే గెట్‌కు ఇవ్వు. దొరక్కపోతేనే ఆర్క్ చెయ్యి. గెట్ బదులు ఎంట్రీ అని పిలిస్తే సొంత కీ (వెతికే మాటకు విడి కాపీ) అడుగుతుంది, ప్రతి లైన్‌కూ కొత్తగా మెమరీ కేటాయింపే.

పట్టీలు రాసేవాళ్ల చేతివాటం కూడా చూడాలి. ఒకరు ప్రొద్దుటూరు అంటారు, ఒకరు పొద్దుటూరు. కర్నూలు వెనక ఒక స్పేస్ ఉంటుంది. కొన్ని కీబోర్డులు పొల్లు పక్కన కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి దూరుస్తాయి. అదీ 3 బైట్లే, అటూ ఇటూ ఖాళీలు తీసే ట్రిమ్ దాన్ని తీయదు. నీ మ్యాప్‌కు ఇవన్నీ వేరే వేరే ఊళ్లు. నంబరిచ్చే ముందే శుభ్రం చేసుకో.

రిమార్కుల గడికి మాత్రం నంబర్లు వద్దు. 'తేమ ఎక్కువ, రేపు కాటా' లాంటివి దేనికదే, మ్యాప్ దండగ. అక్కడ బాక్స్ స్ట్ర్ చాలు.

ఇక నువ్వడిగిన క్రేట్లు. చిన్న మాటలను హీప్‌కు పోకుండా ఆ 24 బైట్లలోనే ఇమిడ్చేవి ఉన్నాయి, మంచివే. కానీ చిన్న మాట అన్నప్పుడు వాటిని రాసినవాళ్ల మనసులో ఉండేది ఇంగ్లీషు. ఇంగ్లీషులో అనంతపూర్ 9 బైట్లు. తెలుగులో అనంతపురం సరిగ్గా 24. ఆ క్రేట్లలో కాంపాక్ట్ స్ట్ర్ 24 దాకా లోపలే పెట్టుకుంటుంది, సరిపోయింది. స్మోల్ స్ట్ర్ 23 దగ్గరే ఆగుతుంది, ఒక్క బైటుతో మన ఊరు హీప్‌కు పోయింది! పులివెందుల 30, రెండింట్లోనూ పట్టదు.

ఇంకోటి. నేను జావా రాసే రోజుల్లో పెద్ద ఫైలు చదివి అందులోంచి పేర్లు మాత్రం సబ్‌స్ట్రింగ్‌తో కోసి దాచాను. సర్వర్ ఉబ్బిపోయింది. 2012లో వచ్చిన జావా 7 అప్‌డేట్ 6కు ముందు సబ్‌స్ట్రింగ్ తల్లి స్ట్రింగ్ అక్షరాలనే పట్టుకుని ఉండేది. పది అక్షరాల పేరు కోసం ఫైలంతా బతికి ఉంది. మా మేనేజర్ ముందు రెండు రోజులు తల ఎత్తలేకపోయాను. నువ్వు రస్ట్‌లో ఫైలంతా ఒక స్ట్రింగ్‌లోకి చదివి, ముక్కలకు రిఫరెన్సులు (అవి ఎక్కడున్నాయో చూపే గుర్తులు) పెట్టుకున్నా అదే కథ, కాకపోతే ఫైలును వదలనివ్వకుండా కంపైలరే అడ్డుపడుతుంది. నడిచి ముగిసిపోయే రిపోర్టుకైతే అదే అన్నిటికన్నా తేలిక. మండీ ప్రోగ్రామ్ పొద్దున్నుంచి రాత్రి దాకా తెరిచే ఉంటుంది, దానికి వద్దు.

ఈ పొద్దు ముందు ఒక్కటి చెయ్యి. ఊరు గడిలో వేరు వేరు మాటలు ఎన్నున్నాయో లెక్కేసి నాకు మెసేజ్ పెట్టు. 65,536 దాటకపోతే నంబరుకు రెండు బైట్లే చాలు. అక్కకు చెప్పు, ఆదివారం బస్సులో బయల్దేరతాను, మధ్యాహ్నానికి సంగటి చేయమని.

మీ మామ
అనంతపురం