వంశధార ముఖద్వారాన్ని బొంతపై కుట్టబోయే మేనకోడలికి

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి నీ అత్త ఆశీర్వదించి వ్రాయునది.

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటును మిషనుపై దారంతో చిత్రించి, గోడకు వేలాడదీసే బొంతగా తయారుచేయాలని అనుకుంటున్నట్లు నీవు వ్రాసినది చదివి చాలా సంతోషించాను. ఎన్ని రంగుల దారాలు కొనాలని అడిగావు. అంతకంటే ముందు, ఏ పనిని బట్టకు వదిలిపెట్టాలో, ఏ పనికి దారం పట్టాలో నీవు నిర్ణయించుకోవాలి. ఆకాశాన్ని, దూరపు నీటిని, ఇసుక తిన్నెను బట్ట ముక్కలతోనే పూర్తిచేసి, కత్తెరతో కత్తిరించడానికి వీలుకాని సరుగుడు ఆకులకు, కొబ్బరి మట్టల ఈనెలకు, విరిగే అలల నురుగుకు మాత్రమే దారాన్ని వాడు.

నా మొదటి బొంతలో నేను సముద్రమంతా దారంతో నింపాను. ప్రతి కుట్టూ బట్టను రవ్వంత లోపలికి లాగుతుందని, వేల కుట్లు ఒకే దిక్కుకు పడితే ఆ లాగుడు అంతా ఒకచోట పోగవుతుందని అప్పటికి నాకు తెలియదు. నీటి భాగం అట్టలా బిగుసుకుపోయింది, కుట్టు పడని ఆకాశం ఉబ్బింది, నీరూ ఆకాశమూ కలిసే గీత విల్లులా వంగిపోయింది. ఎంత ఇస్త్రీ చేసినా అది మళ్ళీ చదును కాలేదు. ఆ బాధ నీకు కలగకూడదనే ఇంత వివరంగా వ్రాస్తున్నాను.

అందుచేత బట్టలన్నిటినీ ముందే తడిపి ఆరవేసి, పై బట్టను కావలసిన కొలత కంటే ప్రతి వైపునా 2 అంగుళాలు ఎక్కువగా కత్తిరించు. ముక్కలను అమర్చి అతికించిన తరువాత వెనుక బట్ట ముడుచుకోకుండా ఆపే ఎంబ్రాయిడరీ పేపరు వేసి, ఆ దశలోనే దారపు పని మొత్తం ముగించు. దూదిపొర, అస్తరు ఆ తరువాతే చేర్చాలి. ఇసుక భాగానికి, రంగు అద్దని పొందూరు ఖద్దరు ముక్క దొరికితే అంతకు మించినది లేదు. అయితే ఆ బట్ట సన్నని నేత కనుక, దట్టమైన కుట్టును తట్టుకోవడానికి దాని వెనుక మరొక నూలు బట్ట వేయడం మరచిపోకు.

మిషను విషయం క్లుప్తంగా చెబుతాను. బట్టను ముందుకు నెట్టే పళ్ళను కిందికి దించి, ఎంబ్రాయిడరీ పాదం బిగించి, 90 నంబరు సూది పెట్టు. పైన 40 నంబరు దారం, బాబిన్‌లో అంతకంటే సన్నని 60 నంబరు దారం వాడి, కింది దారం పైకి కనబడకుండా పై దారపు బిగువును, అంటే టెన్షన్‌ను, కాస్త తగ్గించు. బట్టను బిగువుగా పట్టి ఉంచే రింగులో బట్ట బిగించేటప్పుడు చేతి ఎంబ్రాయిడరీకి బిగించినట్లు కాకుండా తిరగేసి బిగిస్తేనే అది మిషను పలకకు ఆనుకుని ఉంటుంది. పాదం మీటను దించకుండా కుట్టు మొదలుపెడితే పై దారానికి పట్టు ఉండదు, అడుగున దారమంతా చిక్కుపడి గూడులా చుట్టుకుంటుంది. కొత్తవారు ఎక్కువగా విసిగిపోయేది ఇక్కడే. మిషను వేగానికి సమంగా చేతులు కదలాలి. చేయి తొందరపడితే కుట్లు పొడవై సూది విరుగుతుంది, ఆగిపోతే ముడులు పడతాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం వెలుగు. మన సముద్రం తూర్పున ఉన్నది కనుక, తీరంలో సముద్రం వైపు తిరిగి నిలబడినప్పుడు ఉదయపు సూర్యుడు చెట్ల వెనుక నుండి వస్తాడు. అప్పుడు కొబ్బరి మాను దాదాపు నల్లగా ఉండి, అంచున మాత్రమే సన్నని వెలుగు గీత కనబడుతుంది. సాయంకాలం అదే చెట్టుపై మన వెనుక నుండి ఎండ పడి, మానుపై రాలిన మట్టల వలయాలు ఒక్కొక్కటిగా తెలుస్తాయి. నీవు ఏ వేళను కుట్టదలచుకున్నావో తేలితే, ఎన్ని దారాలు కావాలో నీకే తెలుస్తుంది. ఉదయమైతే ముదురు గోధుమ, బూడిద, ఒక లేత పసుపు చాలవచ్చు. ఆకులను ఎప్పుడూ ముదురు రంగుతో మొదలుపెట్టి, లేత రంగును చివర కొద్దిగా తాకించు. ఒకసారి శాలిహుండం కొండ ఎక్కి, దగ్గర నీటికీ దూరపు నీటికీ రంగు ఎలా మారుతుందో వంశధారను చూసి రా. దూరం పెరిగేకొద్దీ రంగులు పాలిపోవాలి, కుట్టు కూడా తగ్గాలి.

దారపు పని పూర్తయ్యాక తిరగేసి, మెత్తటి తుండుగుడ్డపై పరచి, వెనుక నుండే ఇస్త్రీ చెయ్యి. పాలిస్టర్ దారానికి ఎక్కువ వేడి తగలనీయకు.

పెద్ద బట్టను కత్తిరించే ముందు జానెడు ముక్కపై ఒక సరుగుడు కొమ్మను కుట్టి, ముందు వైపూ వెనుక వైపూ ఫొటోలు తీసి నాకు పంపు. టెన్షన్ ఎలా ఉందో వెనుక వైపు చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
నీ మేనత్త