డబ్బాలో ఏముందో చూడు, బిడ్డా

బిడ్డా,

నీకు అచ్చంపేట వైపు టీబీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసినప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. ఇరవై తొమ్మిదేళ్లు నల్గొండ జిల్లాలో నేను చేసిన పనే నువ్వూ చేస్తావంటే చెయ్యి ఆగిపోయింది. మా ఇంటి పిల్ల అని అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. "మిషనే చెప్తుంది గదా, అత్తకెందుకు టెన్షన్" అన్నావట.

మిషన్ మంచిదే. మిల్లీలీటరు తెమడలో 5,000 నుంచి 10,000 క్రిములు ఉంటే గానీ మా మైక్రోస్కోపుకు దొరికేవి కావు. ఇప్పటి సీబీనాట్ మిషన్‌కు 130 ఉన్నా చాలు. రెండు గంటల్లో టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెప్తుంది. తెమడకు రెండింతలు రీఏజెంట్ ద్రవం పొయ్యి, బాగా ఊపు, 15 నిమిషాలు ఆగు. పేరు డబ్బా మీద రాయి, మూత మీద వద్దు. ఇవన్నీ ట్రైనింగ్‌లో చెప్తారు.

చెప్పనిది ఒకటుంది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. పుణెలో మేస్త్రీ పనికి పోయి తిరిగొచ్చిన ఒకామె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, డబ్బా నా బల్ల మీద పెట్టింది. నాలుగు గంటల బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. మూత తీస్తే తెల్లటి నురగ, కింద నీళ్లలాంటి ఉమ్మి. తెమడ కాదని చూడగానే తెలిసింది. "మళ్లీ దగ్గి తీసుకురా అమ్మా" అంటే సరిపోయేది. అనలేదు. స్లైడ్ చేశాను. మైక్రోస్కోపులో ఒకసారికి కనపడే భాగాన్ని ఫీల్డు అంటారు. 100 ఫీల్డులు చూడాల్సింది నలభై చూసి లేచాను. నెగెటివ్ అని రాశాను.

ఆమె ఆ కాగితాన్ని మడిచి రవికలో పెట్టుకుంది. "టీబీ లేదట" అని ఊరంతా చెప్పుకుందట. ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటూ అయిదు నెలలు గడిపింది. మళ్లీ వచ్చినప్పుడు ఇద్దరు పట్టుకుని దింపారు. ఈసారి డబ్బాలో నెత్తురు చారలతో చిక్కటి తెమడ. మొదటి ఫీల్డులోనే ఎర్రటి పుల్లల్లాంటి టీబీ క్రిములు గుంపులు గుంపులుగా. 3+, అంటే క్రిములు బాగా ఎక్కువ, అని రాస్తుంటే నా చెయ్యి వణికింది.

ఆమె వెంట ఆరేళ్ల కూతురు. జ్వరం, బరువు తగ్గడం. పిల్లలు తెమడ ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకే హైదరాబాద్‌లో పొద్దున్నే పరగడుపున ముక్కులోంచి పొట్టలోకి ట్యూబ్ వేసి తీశారు. ఆ పిల్ల నా వేలు పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ వినపడుతుంది. క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష ఆరు వారాలకు పాజిటివ్ అని వచ్చింది. డాక్టరు అంతదాకా ఆగకుండా మందులు మొదలుపెట్టాడు కాబట్టి పిల్ల బతికింది, తల్లీ బతికింది. కానీ ఆమె ఊపిరితిత్తి పాడై, మళ్లీ తట్ట ఎత్తలేకపోయింది.

కాబట్టి డబ్బాలో ఉమ్మి కనపడితే తిప్పి పంపు. మామూలు నీళ్లతో నోరు పుక్కిలించమను, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి రొమ్ములోంచి దగ్గమను. నిద్ర లేవగానే వచ్చే తెమడ మేలు. అస్సలు రానివాళ్లకు ఉప్పునీళ్ల ఆవిరి పట్టించమని డాక్టరును అడుగు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, ముసలివాళ్లు, పిల్లల్లో క్రిములు తక్కువగా ఉండొచ్చు. వాళ్లకు ఒక్క నెగెటివ్ వచ్చిందని ఫైలు మూయకు. ఎక్స్‌రే చూడమను, కల్చర్‌కు పంపమను. ద్రవ కల్చర్‌కు 42 రోజులు పట్టినా సరే. ఇంతకుముందు మందులు వాడినవాళ్ల విషయంలో ఇంకో సంగతి: చచ్చిన క్రిమి డీఎన్ఏ కూడా మిషన్‌కు దొరుకుతుంది. మందు పని చేసిందా అని చూడ్డానికి స్లైడూ కల్చరూ కావాలి.

ఇక నీ సంగతి. పొద్దున తినకుండా పోయే అలవాటు నీది, అది మానెయ్. తెమడ ఎప్పుడూ బయట, గాలిలో తీయించు, గదిలో వద్దు. గాలి నీ వీపు వైపు నుంచి రావాలి. నాకు దగ్గు రెండు వారాలు దాటితే మీ మామయ్య మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని ఎక్స్‌రేకు తీసుకుపోయేవాడు. అక్కడ నీకు ఆ పని చేసేవాళ్లు లేరు. నువ్వే పోవాలి. పైలం బిడ్డా.

మీ నాన్నతో ఎన్95 మాస్కుల పెట్టె పంపుతున్నాను. సకినాలు కింద పెట్టాను, మాస్కులే ముందు తీయి.

మీ అత్త