రోజూ ఏం వండాలన్న టెన్షన్ తగ్గాలంటే

ప్రశ్న: మేడమ్‌గారూ, మాది విజయవాడ పటమట. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఇద్దరు పిల్లలు, మా అత్తగారికి షుగర్. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఓపిక ఉండక సగం రోజులు కర్రీ పాయింట్ కూరలే తెచ్చుకుంటున్నాం. అవి మానేసి సహజమైన తిండి పెడదామని ఆర్గానిక్ షాపుకి వెళ్తే బిల్లు చూసి భయమేసింది. అత్తగారికి అన్నం లేకపోతే భోంచేసినట్టే ఉండదు. వారానికి ఒక మెనూ రాసిస్తారా?

జవాబు: ముందు ఆ షాపు సంగతి పక్కన పెట్టండమ్మా. నెల ఖర్చులో అంత భాగం దానికే పోతే రెండో నెలకల్లా మీరే విసిగిపోయి మళ్లీ కర్రీ పాయింట్ దగ్గర నిలబడతారు. మీ పటమటలోనే రైతు బజారు ఉంది, పొద్దున్నే వెళ్తే కృష్ణ అవతల ఉండవల్లి, పెనుమాక వైపు పొలాల్లో పండే ఆకుకూరలు వాడిపోకుండా తాజాగా దొరుకుతాయి. ఏ కాలంలో పండేవి ఆ కాలంలోనే కొనండి, చవకా ఉంటాయి, రుచీ ఉంటుంది. ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం వేసి పండించే ప్రకృతి వ్యవసాయం రైతులు ఎవరైనా మీకు తెలిస్తే బియ్యం, కందిపప్పు లాంటివి ఏడాదికోసారి వాళ్ల దగ్గరే తీసుకోండి. మామూలు కూరగాయలైతే పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగండి, ఆకుకూరలు రెండు మూడు నీళ్లు మార్చి జాడించండి.

మెనూ మాత్రం రాసివ్వను. సోమవారం వంకాయ అని రాసుకున్నారనుకోండి, ఆ రోజు బజార్లో అన్నీ పుచ్చు వంకాయలే ఉంటే ఇక ఆ కాగితం ఎవరూ చూడరు. కూర పేరు కాకుండా రకం అనుకోండి: ఒక రోజు ఆకుకూర పప్పు, మర్నాడు బీరకాయో సొరకాయో పాలు పోసి కూర, ఇంకో రోజు పులుసు, గుడ్డు తింటే గుడ్డు, చిక్కుడు, గోరుచిక్కుడు లాంటివి ఒక రోజు. ఏ ఆకు, ఏ కాయ అన్నది బజారే చెప్తుంది.

అసలు పని ఆదివారం పొద్దున ఒక రెండు గంటల్లో అయిపోవాలి, అదీ మీరొక్కరే కాదు, మావారికి వంట రాదు అనకండి, గోంగూర వలవడానికి వంట రానక్కర్లేదు. ఆ గోంగూర కడిగి, బట్ట మీద బాగా ఆరబెట్టి, కాస్త నూనెలో తడి పోయేదాకా మగ్గించి సీసాలో పెట్టుకుంటే బుధవారం రాత్రి పప్పు ఉడికితే చాలు. తోటకూర, పాలకూర మాత్రం కడగకుండా వేళ్లు కోసేసి పల్చటి నూలు బట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, తడితో పెడితే రెండో రోజుకే కుళ్లుతాయి. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల కొర్రలు, చెంచాడు మెంతులు నానబోసి రుబ్బితే రెండు మూడు రోజుల దోసెలకి పిండి సిద్ధం. కరివేపాకు పొడో నువ్వుల పొడో ఒకటి కొట్టి పెట్టుకోండి. కూర కుదరని రాత్రి పొడి, నెయ్యి, పెరుగుతో భోజనం అయిపోతుంది, అందులో తప్పేమీ లేదు.

ఇంకో మాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో మనిషికి రోజుకి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు అని ఉంది. పిల్లలకి కాస్త తగ్గించుకున్నా మీ ఐదుగురికి కిలోన్నర దాటుతుంది. మనమేమో అన్నం కొండలా పెట్టుకుని కూర నంజుకుంటాం! అందుకే అత్తగారి దగ్గర అన్నం లాగేసుకోకండి, పెద్దావిడ మనసు కష్టపెట్టి ఏం తినిపిస్తాం? ముందు కూర రెట్టింపు చేయండి, అన్నం దానంతటదే తగ్గుతుంది. తర్వాత వారంలో రెండు రోజులు కొర్రలు రెండు మూడు గంటలు నానబెట్టి వండి పెట్టండి, కానీ కొర్రన్నం కదా అని కడుపునిండా తింటే దానికీ షుగర్ పెరుగుతుంది. ఆవిడ మాత్రలు వేసుకుంటుంటే డాక్టర్‌గారికి చెప్పే మార్చండి.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. పంచదార పూర్తిగా మానేసి టీలో కూడా బెల్లమే వేస్తున్నాం. సహజమైందే కదా, ఎంత వాడినా ఫర్వాలేదా? మా అమ్మాయికి రక్తం తక్కువగా ఉందన్నారు, దానికీ మంచిదేనా?

జవాబు: ఎంత వాడినా అంటే కుదరదండీ. బెల్లంలో కూడా ఎక్కువ భాగం చక్కెరే. తగ్గించి వాడండి, కొనేటప్పుడు ముదురు రంగుదే తీసుకోండి, పసుపుపచ్చగా మెరవడం కోసం పాకంలో హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం కలిపేవాళ్లున్నారు. అమ్మాయికి రక్తం పట్టాలంటే బెల్లం మీద ఆశ పెట్టుకోకండి. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు మాన్పించకుండా తోటకూర, పప్పులు, నువ్వులు పెట్టండి, మాంసాహారం అలవాటుంటే వారానికోసారి వేటమాంసం. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండండి, అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ భోజనమైన వెంటనే మాత్రం ఇవ్వొద్దు, గంటన్నా ఆగాలి.