ట్రాపుంటోకి మెషిన్ వద్దు, ముందు ఒక పాత పంచె వెతకండి

వైజాగ్‌లో ఉంటాను, చేత్తో బొంతలు కుట్టడం వచ్చు, హోల్‌క్లాత్ (ముక్కలు అతకని ఒకే గుడ్డ) మీద ట్రాపుంటో (బొమ్మ చుట్టూ కుట్టి, లోపల దూది కూరి పైకి ఉబ్బేలా చేసే పని) మొదటిసారి చేద్దామనుకుంటున్నాను, మెషిన్ కొనాలా, ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకోవాలా అని ఒకరు అడిగారు. రెండూ దండగ. బొంత కుట్టిన చేతికి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ. కుట్టు ఎంత సన్నగా పడిందన్నది తరవాతి మాట. బొమ్మ వెనక వేసే గుడ్డ ఏ నేతదన్నదే అసలు సంగతి. వీడియోల్లో ఈ ముక్క గట్టిగా చెప్పరు. చెబితే కిట్లు ఎవరు కొంటారు?

ఆ వీడియోల మీద నాకు వేరే కోపం కూడా ఉంది. అన్నీ చలిదేశాలవి. వాళ్ళ కుట్టు బల్ల మా హాలంత ఉంటుంది. మెషిన్ పద్ధతిలో పైగుడ్డ కింద మందపాటి పొర పెట్టి, నీళ్ళలో కరిగే దారంతో బొమ్మ చుట్టూ కుట్టి, బయటికి మిగిలిన పొర కత్తిరించేస్తారు. ఆపైన మామూలు పొరా అడుగు గుడ్డా వేసి మళ్ళీ కుట్టి ఉతికితే ఆ మొదటి దారం కరిగి పోతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ దారాన్ని తేమ తగలకుండా జిప్ కవర్లో దాచుకోవాలి. మే నెలలో వైజాగ్‌లో తేమ తగలని చోటెక్కడుందో ముందు నాకు చూపించండి. బొమ్మ గీసే పెన్నుల సంగతీ అంతే. గాలికి ఎగిరిపోయే ఊదా రంగు పెన్నుతో మధ్యాహ్నం గీస్తే సాయంత్రానికి ఉండదు. నీళ్ళకి పోయే నీలం పెన్ను అరచేతి చెమటకే అక్కడక్కడా చెరిగిపోతుంది. పోనీ అని ఇస్త్రీ పెట్టారా, ఇక ఆ గీత జన్మలో వదలదు. నేను మామూలు పెన్సిల్‌తోనే, కంటికి ఆనీ ఆనకుండా గీస్తాను. బొమ్మ కాగితం కిటికీ అద్దానికి అంటించి, దాని మీద గుడ్డ పరిచి గీస్తే చాలు. మా కిటికీ తూర్పు వైపుంది, పొద్దున్న ఎండలో గీత బాగా కనిపిస్తుంది.

నేను మొదట చేసింది దిండు గలేబు. తెల్ల లాంగ్‌క్లాత్, తెల్ల దారం. మధ్యలో మెలికల ముగ్గు, నాలుగు మూలలా సింహాచలం సంపెంగలు. ఆకులూ ద్రాక్షగుత్తులూ వేయమని అందరూ చెబుతారు. మన ముగ్గుండగా ద్రాక్షలెందుకండీ? మెలికల ముగ్గుని జంట గీతలుగా కుట్టుకుంటే మధ్యలో సన్నటి కాలవ ఏర్పడుతుంది. అందులోకి లావు దారం ఎక్కిస్తే ముగ్గు పైకి ఉబ్బి వస్తుంది. ఈ పనికి ఇంతకంటే సరిపోయే డిజైను ఇంకోటి లేదు.

వెనక వేసింది మావయ్యగారి పాత పంచె. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి పలచబడింది. పైగుడ్డకి దాన్ని జత చేసి బొమ్మ మొత్తం చిన్న చిన్న కుట్లతో కుట్టాను. దూది కూరాక దాని కింద పల్చటి పొర, అసలు అడుగు గుడ్డ వస్తాయి కాబట్టి ఈ పంచె ముక్క లోపలే ఉండిపోతుంది, పైకి కనిపించదు.

ఎంవీపీ కాలనీలో మా ఫ్లాట్. దూది ఎగిరిపోతుందని ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ కూర్చున్నాను. మా అత్తయ్య పక్కన చేరి కాసేపు చూసింది.

"ఏటమ్మా ఇది? అన్ని పక్కలా కుట్టీసి ఇప్పుడు దూది ఎటునించి ఎడతావు?"

వెనక నుంచి అన్నాను. గుడ్డకి చిన్న గాటు పెట్టి, దూది కూరి, మళ్ళీ కుట్టేయడం ఒక పద్ధతి అని కూడా చెప్పాను. గాటు అనగానే ఆవిడ మొహం మారిపోయింది. "పంచె కొయ్యడమేటి! ఇలగ తే" అని లాక్కుంది.

బియ్యం బస్తాలు కుట్టే దబ్బనం తెచ్చి, దాని మొనని సన్నికల్లు మీద అరగదీసింది. బొటనవేలితో నొక్కి చూసుకుంటూ, గుచ్చుకోకుండా ఉండేదాకా అరగదీసింది. సంపెంగ రేకు వెనక పంచె మీద ఆ మొద్దు మొన ఆనించి పడుగు పోగులు ఒక పక్కకి, పేక పోగులు ఇంకో పక్కకి మెల్లగా జరిపింది. ఒక్క పోగూ తెగలేదు. ఆ సందులోంచి చిటికెడు దూది లోపలికి తోసి, ముందు రేకు కొసకి చేర్చింది, తరవాత మొదట్లోకి. ప్రతి చిటికెడుకీ గుడ్డ తిప్పి ముందు వైపు చూసింది. రెండో రేకులో నేను ఇంకాస్త పెట్టమన్నాను. "సాల్లే. ఇంకెడితే గట్టిపడిపోద్ది, సుట్టూ ముడతలొచ్చేస్తాయి" అంది. ఈ రూలు తెలిసేసరికి చాలామంది ఒక గుడ్డ పాడు చేసుకుంటారు. ఆవిడకి దిండ్లు కుట్టిన అనుభవంతోనే తెలుసు. పని అయ్యాక ఆ సందు మీద గోరుతో అటూ ఇటూ రాసింది. పోగులు వాటి చోటికి వచ్చేశాయి. సందు ఎక్కడుందో వెతికినా దొరకలేదు.

కొత్త లాంగ్‌క్లాత్ వెనకేసి ఇదే పని చేసి చూడండి, పోగులు జరగవు, జరిగినా మళ్ళీ దగ్గరకి రావు. పాత పంచె దొరక్కపోతే మల్లు గుడ్డ తీసుకోండి. పొందూరు ఖద్దరు వాడమని ఒకావిడ సలహా ఇచ్చింది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి నేసే గుడ్డని వెనక దాచేయడం నాకు మనసొప్పదు. అది పైగుడ్డగా వేసుకోవాల్సింది, అదీ చెయ్యి తిరిగాక.

ముగ్గు కాలవల్లోకి తెల్ల ఊలు ఎక్కించాం. ఆ దబ్బనం కన్నంలోకే పట్టింది. మలుపు దగ్గర దబ్బనాన్ని వెనక నుంచి బయటికి తీసి, ఊలు చిన్న మడతగా వదిలి, అదే సందులోంచి మళ్ళీ లోపలికి పంపాలి. బిగించి లాగేస్తే ఉతికాక మూల కుంచించుకుపోతుంది. రెండు గీతలు దాటుకునే చోట ఊలు కత్తిరించి అవతలి నుంచి మొదలుపెట్టాలి, ఒకదాని మీంచి ఇంకోటి పోనివ్వకూడదు. ఏ గీత కిందనుంచి వెళ్తుందో నేను కాగితం చూసుకోవాల్సి వచ్చింది. అత్తయ్యకి అక్కర్లేదు.

దూది సంగతి. బూరుగు దూది పట్టుకుంటే హాయిగా ఉంటుంది కానీ ముక్కుల్లోకి పోతుంది, ఉతుకులకి ఆగదు. మామూలు పత్తి ఉండలు కడుతుంది. మొదటిసారికి దిండ్లలో వేసే రెక్రాన్ తెచ్చుకోండి. మధ్య పొర కోసం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి క్విల్టింగ్ వాడింగ్ అంటే ఎవరికీ అర్థం కాదు, స్పాంజి షీటు చేతిలో పెడతారు. రజాయిల్లో వేసే పల్చటి షీటు అనండి. ఎంతకి కుట్టి అమ్ముతావమ్మా అని కూడా అడుగుతారు, జవాబు చెప్పకండి.

ఆ తరవాతది ఓపిక పని. బొమ్మ లేని ఖాళీ అంతా దగ్గర దగ్గరగా కుట్టుతో నింపాలి. అక్కడ గుడ్డ అణిగితేనే ఇక్కడ సంపెంగ లేస్తుంది. బొంత కుట్టినట్టు వేళ్ళ వెడల్పున వరసలు వదిలితే కూరిన దూదంతా వృథా. పొట్టి సూది వాడండి. ఇంకో ముఖ్యమైన మాట, రాత్రి పడుకునే ముందు సూదిని గుడ్డలోనే గుచ్చి వదిలేయకండి. మన సముద్రపు గాలికి సూది తుప్పు పడుతుంది. తెల్ల గుడ్డ మీద తుప్పు మరక ఏ సబ్బుకీ పోదు.

మెషిన్ లేనిదే ఫినిషింగ్ రాదని కుట్టు క్లాసులో ఒకరు నాతో వాదించారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 14వ శతాబ్దం చివర సిసిలీలో కుట్టిన క్విల్టుంది. దాని జతది ఫ్లారెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో ఉంది. నార గుడ్డ మీద యూరప్‌వాళ్ళ పాత వీరగాథ ట్రిస్టన్ కథలోని మనుషులు, పడవలు, గుర్రాలు అన్నీ దూది కూరి లేపినవే. అప్పుడు కరెంటు ఎక్కడుంది? అసలు మన కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన కలంకారీ పలంపోర్లని (మంచం మీద పరిచే పెద్ద గుడ్డలు) యూరప్‌లో పొర వేసి క్విల్టులుగా కుట్టుకునేవాళ్ళు. గుడ్డ మనది, కుట్టిన పేరు వాళ్ళది. సరే, ఆ గొడవ ఇంకోసారి.

వైజాగ్‌లో క్విల్టు ఎవరు కప్పుకుంటారని పక్కింటివాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లంబసింగి వెళ్తే తప్ప మనకి దుప్పటి కూడా ఎక్కువే. అందుకే మంచమంత పెట్టుకోకుండా గలేబో, ఉయ్యాల్లో పరిచే చిన్న పరుపు గుడ్డో చేయండి.

లాంగ్‌క్లాత్‌ని కొన్న రోజే నానబెట్టి గంజి వదలగొట్టి ఆరేయండి, లేకపోతే అంతా కుట్టాక కుంచించుకుపోతుంది. నీలం పెన్ను వాడి ఉంటే పని పూర్తయ్యాక సబ్బు తగలకముందే చన్నీళ్ళలో జాడించండి. పిండకుండా, తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెట్టాలి. వానాకాలంలో ఇది చేస్తే ఆరేలోపు ముక్క వాసన పడుతుంది, కాబట్టి చివరి ఉతుకు సంక్రాంతి రోజుల్లో పడేలా ఇప్పుడే లెక్క వేసుకుని మొదలుపెట్టండి.