ఉబుంటులో డీ డ్రైవ్‌లోకి ఫైళ్లు సేవ్ కాకపోతే

డీ డ్రైవ్ తెరుచుకుంటోంది, కానీ ఏం పెట్టబోయినా రీడ్ ఓన్లీ (చదవడానికే, రాయడానికి కాదు) అంటోందని రాశారు. టెన్షన్ పడకండి తమ్ముడూ, డిస్క్ పాడైనట్టు కాదు. విండోస్, ఉబుంటు అని రెండు ఓఎస్‌లు (ఆపరేటింగ్ సిస్టమ్‌లు) ఉన్న కంప్యూటర్‌లో ముందు అనుమానించాల్సింది విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ని. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. డ్రైవ్‌లను సరిగ్గా మూసి వెళ్లదు. అందుకే ఉబుంటు వాటిలో రాయడానికి ఒప్పుకోదు. అది మీ డేటా మంచికే.

ముందు ఒకటి చూడండి. విండోస్‌లో షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ కొట్టి నేరుగా ఉబుంటులోకి రండి. రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగా ఆగుతుంది కాబట్టి, ఇప్పుడు ఫైల్ సేవ్ అయితే కారణం అదే.

తర్వాత విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అందులో 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ'. ఫాస్ట్ స్టార్టప్ గడి మసకగా ఉంటే పైన 'కరెంట్లీ అనవైలబుల్' అని ఉన్న నీలిరంగు లింక్ నొక్కండి. టిక్ తీసి, సేవ్ చేసి, షట్‌డౌన్ చేయండి.

హైబర్నేషన్ ఫైల్‌ని, అంటే విండోస్ నిద్రలోకి వెళ్లేటప్పుడు తన స్థితిని దాచుకునే ఫైల్‌ని, ఉబుంటు నుంచే తీసేసే కమాండ్ ఒకటి నెట్‌లో కనిపిస్తుంది, దాని జోలికి మాత్రం పోవద్దు. విండోస్‌లో సేవ్ చేయని పని పోతుంది. మా అక్క పెళ్లి ఫొటోలు ఇలాగే ఇరుక్కున్నాయి, పైన చెప్పిన పద్ధతిలోనే ఒక్కటీ పోకుండా తీసుకున్నాను. అప్పటికీ కుదరకపోతే వచ్చిన ఎర్రర్‌ని ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, చూస్తాను.