గాంధీధామ్ నుంచి తిరుపతికి ట్రైలర్: చక్రాల కన్నా ముందు కాగితాలు కదలాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: గుజరాత్‌లోని గాంధీధామ్‌లో 2018 మోడల్ హార్స్‌ను (ట్రైలర్‌ను లాగే ముందు బండిని), దాని వెనుక తగిలించే 40 అడుగుల ట్రైలర్‌ను కలిపి సెకండ్‌హ్యాండ్‌లో బేరమాడుతున్నారు, దాన్ని తిరుపతి వరకు డ్రైవర్‌ను పెట్టి తోలించుకుని రావడం మేలా, లో బెడ్ (బండ్లను మోసే, తలం కిందికి ఉండే ట్రైలర్) మీద ఎక్కించి తెప్పించుకోవడం మేలా, కాగితాల పని ఎక్కడ మొదలుపెట్టాలి అని. నాకు చిత్తూరులో రెండు ట్రైలర్లు ఉన్నాయి. మామిడి గుజ్జు కంటెయినర్లను ఫ్యాక్టరీల నుంచి చెన్నై హార్బరుకు తోలుతుంటాము. రెండో బండిని 2022లో మీరు చెప్పిన ఊరి నుంచే తెచ్చుకున్నాను. అప్పుడు రెండు తప్పులు చేశాను. రెండూ రోడ్డు మీద చేసినవి కావు, కాగితాల్లో చేసినవి. అందుచేత నా జవాబు ఇది: ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్ గడువులో ఉండి ఇంజను, బ్రేకులు సవ్యంగా ఉన్న బండిని తోలించుకునే రండి, కాని హార్స్‌కు, ట్రైలర్‌కు కూడా ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీవో ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికి వచ్చేవరకు దాన్ని అక్కడి నుంచి కదిలించవద్దు.

లో బెడ్ సంగతి ముందుగా ముగిస్తాను. గాంధీధామ్ నుంచి చిత్తూరుకు దాదాపు 2000 కిలోమీటర్లు. అప్పట్లో నాకు చెప్పిన లో బెడ్ కిరాయి, తోలించుకుని వస్తే అయ్యే డీజిలు, టోలు, ఇద్దరు డ్రైవర్ల బత్తా అన్నీ కలిపిన ఖర్చుకు రెండింతలు దాటింది. అదీ హార్స్ ఒక్కదానికే. ట్రైలర్‌ను ఇంకొకరి హార్స్‌కు తగిలించి వేరుగా తెచ్చుకోవలసిందే. ఎత్తు మరో చిక్కు. హార్స్ క్యాబిన్ నేల నుంచి దాదాపు 3 మీటర్లు ఉంటుంది, లో బెడ్ తలం సుమారు 1 మీటరు ఉంటుంది. సరుకు వాహనానికి అనుమతించే ఎత్తు 4 మీటర్లు కనుక, క్యాబిన్ కాస్త ఎత్తైన మోడల్ అయితే ఓవర్ డైమెన్షన్ కిందికి వచ్చి ప్రత్యేక అనుమతి అవసరమవుతుంది. ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండవలసిన జీఎస్టీ పత్రం) గడువు కూడా మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున వస్తే, ఓవర్ డైమెన్షన్ సరుకుకు 20 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్కిస్తారు.

ఇంజను పట్టేసిన బండికి, ప్రమాదంలో ముందు యాక్సిల్ వంగిన బండికి, ఎఫ్‌సీ పోయి ఏళ్లు గడిచిన బండికి మాత్రం లో బెడ్ తప్పదు. అలా ఎక్కించవలసి వస్తే గొలుసులను యాక్సిళ్లకు వేసి బిగించాలి గాని, స్ప్రింగు పట్టీలకో బంపరుకో వేయకూడదు. బ్యాటరీ తీగలు విప్పించండి. సైలెన్సర్ మూతిని గట్టిగా మూసి కట్టించండి. లేకపోతే దారి పొడుగునా వీచే ఎదురుగాలికి టర్బో చక్రం ఆయిల్ అందకుండానే తిరుగుతూ ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని ముందు చక్రాలు మాత్రం పైకెత్తి, వెనుక చక్రాలు నేల మీద దొర్లేలా లాక్కుని వచ్చేవారూ ఉన్నారు. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సును వెనుక చక్రాలతో కలిపే కడ్డీ) విప్పకుండా అలా లాగితే, ఇంజను తిరగదు కనుక గేర్‌బాక్సులో ఆయిల్ పైకి చిమ్మదు, లోపలి బేరింగులు ఎండిపోయి కాలిపోతాయి. బండి చేరుతుంది, గేర్‌బాక్సు చేరదు.

రవాణా చేసేవారు ఇచ్చే ఎల్‌ఆర్ (సరుకు రసీదు) మీద బండి విలువను తప్పనిసరిగా రాయించండి, ఎక్కించేటప్పుడు నాలుగు పక్కలా ఫోటోలు తీయించండి. దెబ్బ తగిలితే, రోడ్డు రవాణా గురించిన 2007 నాటి చట్టం ప్రకారం, బుకింగ్ రోజు నుంచి 180 రోజుల లోపల లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉంటేనే దావాకు వీలవుతుంది. మన దేశంలో మామూలుగా ఇచ్చే మోటారు ప్యాకేజీ పాలసీలో, బండి మరో వాహనం మీద రోడ్డు మార్గాన వెళ్లేటప్పుడు జరిగే నష్టం కూడా చేరి ఉంటుందన్న సంగతి చాలామంది యజమానులకు తెలియదు. అయితే ఆ పాలసీ మీ పేరు మీద ఉండాలి. బండి చేతులు మారిన 14 రోజుల లోపల ఇన్సూరెన్స్ కంపెనీకి పేరు మార్పు దరఖాస్తు పెట్టాలి. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటే కొన్నవారికి సంక్రమిస్తుంది గాని, సొంత బండికి తగిలిన దెబ్బ విషయంలో పాత యజమాని పేరున్న పాలసీని నమ్ముకోలేము. తోలించుకుని వచ్చేవారికి కూడా ఇది వర్తిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మన రాష్ట్రానికి మార్చుకోవడానికి మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ కింద ఎన్‌ఓసీ కావాలి. దాని దరఖాస్తు ఫారం 28. బండి మీద దొంగతనం కేసు లేదని పోలీసు నివేదిక, పన్ను బాకీ లేదని లెక్క చూసుకున్నాకే అక్కడి ఆర్టీవో ఆఫీసు దాన్ని ఇస్తుంది. దరఖాస్తు అందిన 30 రోజుల లోపల ఇవ్వడమో నిరాకరించడమో చేయకపోతే ఇచ్చినట్టే భావించాలని చట్టంలో ఉంది. కాని ఆ మాటను పట్టుకుని ఇక్కడి కౌంటరులో వాదించి లాభం లేదు, కాగితమే తెచ్చుకోవాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని ఫైనాన్స్ వారు సంతకం చేసిన ఫారం 35 పెట్టి హెచ్‌పీ (బండి మీద అప్పు ఉందన్న నమోదు) తీయించాలి. అమ్మకానికి 29, 30 ఫారాలు, ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27. ఇవన్నీ ఏ ఏజెంటైనా చెబుతాడు. ఏజెంటు చెప్పనివి రెండు నాకు తగిలాయి, అవి వివరంగా రాస్తాను.

మొదటిది ట్రైలర్ సంగతి. మనం మాటల్లో బండి అని ఒక్కటిగా అంటాము గాని, చట్టం దృష్టిలో ట్రైలర్‌కు దాని రిజిస్ట్రేషన్ దానికి ఉంటుంది, చాసిస్ నంబరు దానికి ఉంటుంది. నాకు కుదిర్చిపెట్టిన బ్రోకరు హార్స్ ఎన్‌ఓసీ చూపించి, అంతా అయిపోయిందన్నాడు. నేను ఆర్‌సీ నకళ్లు రెండూ చూశాను గాని, ట్రైలర్ ఆర్‌సీ మీద ఎప్పుడో పాత యజమాని తీసుకున్న అప్పు తాలూకు హెచ్‌పీ అలాగే ఉన్నదని గమనించలేదు. మే చివర బండి చిత్తూరు చేరింది. హార్స్ కాగితాల పని సాగింది, ట్రైలర్‌ది ఆగిపోయింది. అప్పు ఎప్పుడో తీరిందట, కాని తీరిందన్న కాగితం తెచ్చుకోవడానికి జూలై సగం దాటింది. మా వైపు తోతాపురి కాయ ఫ్యాక్టరీల ముందు బారులు తీరేది జూన్, జూలై నెలల్లోనే. ఆ రెండు నెలలూ హార్స్ షెడ్డులో, ట్రైలర్ దాని పక్కన ల్యాండింగ్ లెగ్స్ (ముందుండే ఇనుప కాళ్లు) మీద నిలబడి ఉన్నాయి. ఆ రోడ్డు మీద వెళ్లే ప్రతి ఒక్కరూ బండి ఎప్పుడు తిరుగుతుందని అడిగినవారే.

రెండోది పర్మిట్. ఎన్‌ఓసీ ఇచ్చేటప్పుడు పాత నేషనల్ పర్మిట్‌ను అక్కడే సరెండర్ చేయిస్తారు. అంటే ఎన్‌ఓసీ చేతికి వచ్చిన క్షణం నుంచి బండికి పర్మిట్ లేదన్నమాట. ఖాళీ బండే కదా, సొంత ఊరికి తెచ్చుకుంటున్నామే గాని కిరాయికి తోలడం లేదు కదా అనుకున్నాను. బయలుదేరిన రెండో రోజు దారిలో ఒక తనిఖీ దగ్గర ఆపి 10,000 రూపాయలు జరిమానా రాశారు. పర్మిట్ లేకుండా నడిపితే చట్టంలో ఉన్న మొత్తం అదే, వారిని అనడానికి లేదు. 87వ సెక్షన్ కింద తాత్కాలిక పర్మిట్ తీసుకుని బయలుదేరవలసింది. ఆ పర్మిట్ గరిష్ఠంగా 4 నెలల వరకు ఇస్తారు, మనకు పది రోజులు చాలు. దారి ఖర్చులు మిగిలించుకోవడానికి గుజరాత్ నుంచే రిటర్న్ లోడు వేసుకుని వద్దామన్న ఆలోచన మీకూ వచ్చి ఉంటుంది. అలా చేయాలంటే పాత యజమాని పేరు మీద, అతని పర్మిట్, ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్ అన్నీ నిలిచి ఉండగానే చేయాలి; ప్రమాదం జరిగితే అతను ఇరుక్కుంటాడు, మీరూ ఇరుక్కుంటారు. నేనైతే చేయను.

ఫాస్టాగ్ విషయం చిన్నదే, కాని దారిలో ప్రాణం తీస్తుంది. పాత యజమాని ట్యాగును అతనే మూసివేయించాలి, ఆ తర్వాతే అదే బండికి మీ పేరున కొత్తది వస్తుంది. ట్యాగు పని చేయకపోతే టోలు దగ్గర ఎక్కువ కట్టాలి; 2025 నవంబరు 15న వచ్చిన నియమం ప్రకారం నగదుకు రెండింతలు, యూపీఐతో అయితే ఒకటింబావు వంతు. ఇన్ని యాక్సిళ్లున్న బండికి దారిలోని ఇన్ని టోళ్ల దగ్గర ఆ తేడా చాలా పెద్ద మొత్తమే అవుతుంది. పెండింగ్ చలానాలు కూడా పరివాహన్ సైటులో నంబరు కొట్టి చూసుకుని, బేరంలోనే తీసివేయించండి.

బయలుదేరే ముందు మీ సొంత మెకానిక్‌ను తీసుకువెళ్లడం ఖర్చనుకోవద్దు. ఫిఫ్త్ వీల్ (హార్స్ మీద ట్రైలర్ కూర్చునే పళ్లెం) దవడ కింగ్ పిన్‌ను (ట్రైలర్ కింద ఉండే లావు మేకును) పూర్తిగా పట్టిందో లేదో టార్చి వేసి వంగి చూడాలి. పైనుంచి చూస్తే ఎప్పుడూ పట్టినట్టే కనిపిస్తుంది. చూశాక ట్రైలర్ బ్రేకు పట్టి ఉంచి, లో గేరులో హార్స్‌ను ఒకసారి ముందుకు లాగి చూడాలి, కదలకూడదు. గాలి నిండాక ఇంజను ఆపి, క్యాబిన్ కిటికీ తెరిచి రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. ట్రైలర్‌కు గాలి తీసుకువెళ్లే ఎర్ర గొట్టం, పసుపుపచ్చ గొట్టం తగిలించే చోట బుస్సుమనే చప్పుడు వినిపిస్తే అక్కడే రబ్బరు వాషర్ మార్పించండి. గాలి పూర్తిగా పోతే ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పట్టేసుకుని బండి హైవే మధ్యలో నిలబడిపోతుంది. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి: 1419 అని ఉంటే 2019లో 14వ వారంలో తయారైనది. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఎండకు ఎండిన పాత టైరు ఖాళీ బండి మీద కూడా పేలవచ్చు. ట్రైలర్ లేకుండా ఒట్టి హార్స్‌నే తేవలసి వస్తే డ్రైవర్‌కు ఒక మాట చెప్పండి: వెనుక బరువు లేనందువల్ల తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే వెనుక చక్రాలు జారి బండి అడ్డం తిరుగుతుంది.

దారి విషయంలో పెద్దగా ఆలోచించవలసింది లేదు. అహ్మదాబాద్ నుంచి వడోదర, సూరత్, వాపి, ఠాణే, పుణె, కొల్హాపూర్, బెళగావి, హుబ్బళ్లి, తుమకూరు మీదుగా బెంగళూరు దాకా 48వ జాతీయ రహదారే. ఠాణే చుట్టుపక్కల పగటి వేళల్లో భారీ వాహనాలకు ఆంక్షల గంటలు ఉంటాయి, రాత్రి దాటేలా లెక్క వేసుకోవాలి. కొంకణ్ రైల్వే 1999 నుంచి లారీలను రైలు మీద ఎక్కించే రో-రో నడుపుతున్నది గాని, అది కొలాడ్ నుంచి గోవా, సూరత్కల్ వైపు వెళ్లే తీర మార్గం, మనకు చుట్టు. మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటల పని అని 1961లోనే చట్టం చేశారు. ఇద్దరు డ్రైవర్లను పెట్టి, రాత్రి పూట నిద్రపోనిచ్చి తోలిస్తే అయిదారు రోజుల్లో చేరతారు. నాలుగు రోజుల్లో తెస్తానన్న వాడిని పెట్టుకోవద్దు. డీజిలు మన రాష్ట్రంలో కన్నా కర్ణాటకలో చవక కనుక ముళబాగిలులో ట్యాంకు నింపించుకోండి, మా వాళ్లందరూ అదే చేస్తారు.

అక్కడికి ఇల్లు చేరినట్టే అనిపిస్తుంది. అసలు పరీక్ష అక్కడి నుంచే. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగుడులో ప్రమాదాలు తరచుగా జరుగుతాయి. 1900 కిలోమీటర్లు తోలి అలసిన డ్రైవర్, కొత్త బండి, ఎంతవరకు పడుతుందో తెలియని బ్రేకులు, ఇవన్నీ ఒక్కచోట కలిసేది అక్కడే. నా బండి వచ్చినప్పుడు పలమనేరులో నేను ఎక్కాను. డ్రైవర్ రాజస్థానీ, ఆ ఘాట్ ఎన్నడూ చూడలేదు. దిగుడు మొదలుకాకముందే గేరు తగ్గించి ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారిని మూసి ఇంజనుతోనే వేగం తగ్గించేది) మీదే దింపమన్నాను. అయినా సగం దిగేసరికి బ్రేకు లైనర్లు కాలిన వాసన వచ్చింది. పక్కకు ఆపి అరగంట చల్లారనిచ్చాము. మర్నాడు డ్రమ్ము విప్పితే, ట్రైలర్ ఎడమ చక్రాల లైనర్లు రివెట్ల దాకా అరిగి ఉన్నాయి. గాంధీధామ్‌లో చక్రాలు విప్పించి చూడలేదు, అది నా లోపమే.

బండి చేరగానే కాణిపాకం తీసుకువెళ్లి పూజ చేయించని లారీ యజమాని మా వైపు ఉండడు. నేనూ చేయించాను, టెంకాయ కొట్టినంతలో ఆర్‌సీ మాత్రం మారదు. బండి కొన్న 30 రోజుల లోపల ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టి, పన్ను కట్టి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. 2018 మోడల్‌కు ఎనిమిదేళ్లు నిండాక ఎఫ్‌సీ ఏటా చేయించాలి. నేషనల్ పర్మిట్‌కు ఏడాదికి 16,500 రూపాయల ఏకమొత్తం ఫీజు, ఆథరైజేషన్‌కు మరో 1000 రూపాయలు అవుతాయి. మల్టీ యాక్సిల్ బండికి ఆ పర్మిట్ 15 ఏళ్ల వయసు వరకే ఇస్తారు కనుక, మీ బండికి ఇంకా ఎన్నేళ్ల సంపాదన మిగిలిందో ధర మాట్లాడేటప్పుడే లెక్క వేసుకోండి.

ఇన్‌స్పెక్టర్ చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయిస్తారు. ఆ పనే మీరు అడ్వాన్సు ఇవ్వకముందు గాంధీధామ్‌లో చేయండి. హార్స్ నంబరు తేలికగా దొరుకుతుంది. ట్రైలర్ నంబరు పెయింటు కిందో తుప్పు కిందో ఉంటుంది. ఎమరీ పేపరుతో గీకి, తడి గుడ్డతో తుడిచి, ఒక్కొక్క అంకె అచ్చులోకి వచ్చేదాకా రుద్దండి. ఆ రెండు అచ్చులను రెండు ఆర్‌సీల పక్కన పెట్టి చూశాకే డబ్బు తీయండి.